పిచ్చి అన్నది ఒక్కటి కాదు



మతి చెడటానికి మన తెలుగులో ఎన్ని మాటలున్నాయో ఒకసారి లెక్కపెట్టి చూడండి. పిచ్చి, వెర్రి, మతిభ్రమ, ఉన్మాదం, చిత్తచాంచల్యం, గాలి సోకడం, సంధి పుట్టడం. మా హాలియా, మిర్యాలగూడ వైపు ఆడవాళ్ళయితే "పానం మంచిగ లేదు" అని ఒక్క ముక్కలో సరిపెట్టేస్తారు. అందులో జ్వరమూ ఉంటుంది, దిగులూ ఉంటుంది. ఇన్ని మాటలున్నా "ఫలానా ఆవిడకి పిచ్చెక్కిందట" అని ఎవరైనా అంటే, "అయ్యో పాపం" అంటామే గాని "ఏ పిచ్చి?" అని అడగం. ఆ ప్రశ్న అడగడానికి లోకానికి చాలా కాలం పట్టింది. ఎవరు ఎప్పుడు అడిగారు, అడిగాక ఏం తేలింది, దానివల్ల ఆడవాళ్ళ బతుకుల్లో ఏం మారింది అన్నదే ఇవాళ్టి మాట.

అసలు మన పెద్దవాళ్ళు ఈ తేడా బొత్తిగా ఎరగనివాళ్ళేం కాదు. "సంధి ప్రేలాపన" అంటాం కదా, ఆ సంధి సన్నిపాతం నుంచి వచ్చిన మాట. తీవ్రమైన జ్వరంలో మనిషి పక్కనున్న వాళ్ళని గుర్తుపట్టక, లేనివాళ్ళతో మాట్లాడుతూ, దుప్పటి పీకుతూ ఉంటే దాన్ని మన అమ్మమ్మలు పిచ్చి అనలేదు, సంధి అన్నారు. జ్వరం దిగితే అదీ దిగుతుందని వాళ్ళకి తెలుసు. ఇప్పటి డాక్టర్లు కూడా మొట్టమొదట చూసేది అదే. మతి తప్పినట్టున్న మనిషికి తానెక్కడున్నదీ, పగలో రాత్రో తెలుస్తున్నదా? తెలియకపోతే ముందు ఒంట్లో జబ్బు వెతకాలి. చరకసంహితలో కూడా ఉన్మాదానికి ఒక అధ్యాయం, అపస్మారం అంటే మూర్ఛకి ఇంకొక అధ్యాయం విడివిడిగా ఉన్నాయి. ఉన్మాదంలో మళ్ళీ అయిదు రకాలు చెప్పారు. ఆ విభజన ఇవాళ వైద్యానికి సరిపోకపోవచ్చు గాని, విడదీసి చూడాలన్న బుద్ధి మాత్రం అప్పుడే పుట్టింది.

ఆ తర్వాత వచ్చిన పిచ్చాసుపత్రులు, నా ఉద్దేశంలో, ఆ బుద్ధిని కొంత వెనక్కే నెట్టాయి. తెల్లదొరల కాలంలో వాటిని శరణాలయాలన్నారు గాని, గోడలూ తాళాలూ చూస్తే జైళ్ళలాగే ఉండేవి. కోస్తా వాళ్ళకి విశాఖపట్నం చినవాల్తేరులో ఒకటి ఉండేది. నిజాం రాజ్యంలోని వాళ్ళని దూరాన, ఇప్పుడు మహారాష్ట్రలో ఉన్న జాల్నాకు పంపేవారు. నల్లగొండ పల్లెనుంచి ఒక తెలుగు ఆడకూతురిని మరాఠీ మాట్లాడే ఊరికి తీసుకుపోయి వదిలితే, ఆమె మాట తికమకగా ఉందో, భాషే తెలియదో ఎవరు చెప్పాలి? 1950లలో ఆ ఆస్పత్రి హైదరాబాదు ఎర్రగడ్డకు వచ్చింది. ఆ వచ్చినప్పటినుంచి ఎర్రగడ్డ అన్న పేరు మనకి హాస్యం అయిపోయింది. సినిమాల్లో, ఇంట్లో తగాదాల్లో, "నిన్ను ఎర్రగడ్డలో చేర్పించాలి" అంటాం. ఆ మాట వినే ఇంట్లో నిజంగా అక్కడ మందు వాడుతున్న మనిషి ఉంటే ఎలా ఉంటుందో ఆలోచించం.

యూరపులోనూ మొదట అంతే. అందర్నీ ఒకే కప్పు కింద పెట్టారు. ఆ గుంపులోంచి తొలిసారి ఒక జబ్బును విడదీసింది 1822లో బేల్ అనే ఫ్రెంచి కుర్ర డాక్టరు. తాను కుబేరుడినని, చక్రవర్తినని గొప్పలు చెప్పుకుంటూ, క్రమంగా కాళ్ళూ నాలుకా పడిపోయి చనిపోయే రోగుల మెదళ్ళు కోసి చూసి, పొరలు వాచి ఉన్నాయని కనిపెట్టాడు. అది సవాయి రోగం మెదడుకెక్కడం వల్ల వచ్చిందని 1913లో నొగూచి, మూర్ అనే వాళ్ళు మెదడులో ఆ క్రిమిని చూపించాక గాని రుజువు కాలేదు. తరువాత పెన్సిలిన్ వచ్చింది, ఆ వార్డులు ఖాళీ అయ్యాయి. కుటుంబ పాపమనో, దెయ్యమనో అనుకున్నది సూదిమందుతో నయమయిందన్నమాట.

రెండో కథ మన పొలాల దగ్గరిది. నాగార్జునసాగర్ కాలువలకు 1967 ఆగస్టులో నీళ్ళు వదిలారు. ఎడమ కాలువ నీళ్ళు పారకముందు హాలియా చుట్టుపక్కల ఇప్పుడున్న వరి మళ్ళు లేవు. మెట్ట చేలు. జొన్న, సజ్జ, ఆముదం. పొద్దున జొన్నగటక, రాత్రి జొన్నరొట్టె, నంజుకోను ఇంత పచ్చిపులుసో కారమో. పాలూ పప్పూ కలిగినవాళ్ళకి. ఈ తిండి మీద బతికిన తెలంగాణ బీదవాళ్ళలో కొందరికి ఎండాకాలం ఎండ తగిలే చోటల్లా, చేతులమీదా, పాదాలమీదా, మెడచుట్టూ గొలుసు వేసినట్టు చర్మం నల్లబడి పొక్కులు రేగేది. నోరు పూసేది. విరేచనాలు పట్టేవి. ఆ తర్వాత మనిషి ముభావంగా అయిపోయేది. నిద్ర ఉండదు, తిండి సహించదు, ఒక మూల కూర్చుని ఏడుపు. ముదిరితే మతి పూర్తిగా తప్పడం కూడా ఉండేది. దీని పేరు పెల్లాగ్రా.

ఈ జబ్బును లోకం మక్కజొన్న తినేవాళ్ళ జబ్బనుకుంది. అమెరికాలో దక్షిణాది రాష్ట్రాల్లో ఇది వేలమందిని పిచ్చాసుపత్రుల పాలు చేసింది. అక్కడ గోల్డ్‌బర్గర్ అనే డాక్టరు 1914 నుంచి తిరిగి తిరిగి చూసి, ఇది అంటురోగం కాదు, తిండిలో లోపం అన్నాడు. ఎవరూ నమ్మలేదు. అంటదని రుజువు చెయ్యడానికి 1916లో ఆయనా, ఆయన మిత్రులూ రోగుల రక్తం తమ ఒంట్లోకి ఎక్కించుకున్నారు. ఆయన భార్య మేరీ కూడా వేయించుకుంది. నలుగురు పిల్లల తల్లి. చరిత్ర పుస్తకాల్లో ఆమెకి ఒక వాక్యం కంటే ఎక్కువ దొరకదు, అందుకని ఇక్కడ ఆగి చెబుతున్నాను. లోపించినది నియాసిన్ అనే విటమిన్ అని 1937లో ఎల్వేజమ్ తేల్చాడు.

మరి మన దగ్గర మక్కజొన్న కాదు కదా, జొన్న. కూనూరులో ఉన్న పోషకాహార పరిశోధనశాల 1950ల చివర్లో హైదరాబాదుకు వచ్చింది. ఇప్పుడు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అదే. అక్కడి డాక్టర్ గోపాలన్, డాక్టర్ శ్రీకంఠయ్య గార్లు దక్కను పీఠభూమిలో జొన్న తినేవాళ్ళలోనూ పెల్లాగ్రా ఉన్నదని చూసి, జొన్నలో ల్యూసిన్ అనే పదార్థం ఎక్కువగా ఉండటం ఇందుకు కారణం కావచ్చునని 1960లో లండన్‌లోని లాన్సెట్ పత్రికలో రాశారు. ల్యూసిన్ వాదం మీద తర్వాత శాస్త్రజ్ఞుల మధ్య చర్చ నడిచింది, అది వేరే సంగతి. ఈ రోగుల్లో కనబడే కుంగుబాటు మీద కూడా హైదరాబాదులోనే పరిశోధనలు జరిగాయి. నియాసిన్ ఇస్తే, మూలన కూర్చున్న మనిషి కొద్ది రోజుల్లోనే లేచి మాట్లాడటం మొదలుపెడుతుంది. తాయెత్తు కట్టినా, చెట్టుకి కట్టేసినా తగ్గని "పిచ్చి" ఒక విటమిన్ మాత్రకి తగ్గిందంటే, ఆ జబ్బుకి ఆ పేరు పెట్టడమే తప్పు. (ఇది విని జొన్నల డబ్బా పక్కన పెట్టకండి. పప్పు, పాలు, కూర కలిపి తినేవాళ్ళకి జొన్నరొట్టె వల్ల ఏ ముప్పూ లేదు. షుగరు ఉన్నవాళ్ళు ఇప్పుడు కోరి తింటున్నారు కూడా.)

ఇలా ఒంటి జబ్బులు ఒక్కొక్కటే బయటికి పోతుంటే, మెదడు కోసి చూసినా ఏమీ కనబడని పిచ్చి ఇంకా చాలా మిగిలిపోయింది. దాన్ని విడదీసింది జర్మనీ డాక్టరు ఎమిల్ క్రెపెలిన్. ఆయన పద్ధతి మన ఇంటి పద్దుల పుస్తకం లాంటిదే. ప్రతి రోగికీ ఒక కార్డు. ఎప్పుడు మొదలయింది, ఎలా మొదలయింది, మధ్యలో తగ్గిందా, కొన్నేళ్ళ తర్వాత ఎలా ఉంది, అన్నీ ఆ కార్డు మీద. ఉద్యోగం తొలి రోజుల్లో ఆయన దోర్పాత్ అనే ఊళ్ళో పనిచేశారు. అక్కడి ఎస్తోనియా రోగుల భాష ఆయనకి రాదు. మాట అర్థం కాదు గనక జబ్బు నడకని గమనించడం అలవాటు చేసుకున్నారేమోనని నాకనిపిస్తుంది. ఈ నిమిషాన రోగి ఏమంటున్నదన్న దానికంటే, ఏళ్ళ తరబడి జబ్బు ఎటు పోయిందన్నదే ఆయన పట్టుకున్న సూత్రం.

ఆ కార్డుల కట్టలోంచి 1899లో, తన పాఠ్యపుస్తకం ఆరో కూర్పులో, రెండు పెద్ద జబ్బుల్ని వేరు చేశారు. ఒకటి వయసులో మొదలై, మనిషి క్రమంగా తనలోకి తాను ముడుచుకుపోయి, ఎవరో మాట్లాడుతున్నట్టు వినబడుతూ, ఎవరో తన మీద కుట్ర పన్నుతున్నారని నమ్ముతూ, మళ్ళీ పూర్తిగా పాత మనిషి కాలేకపోవడం. రెండోది కెరటంలా లేచి పడటం. కొన్నాళ్ళు పట్టపగ్గాలు లేని ఉత్సాహం, కొన్నాళ్ళు అంతులేని దిగులు, మధ్యలో మామూలు మనిషి. మొదటిదానికి బ్లూలర్ అనే స్విట్జర్లాండు డాక్టరు 1908లో స్కిజోఫ్రేనియా అని పేరు పెట్టారు. రెండోదాన్ని మానిక్ డిప్రెసివ్ అనేవారు, ఇప్పుడు బైపోలార్ అంటున్నారు. మొదటి జబ్బు ఉన్నవాళ్ళు కూడా కోలుకోగలరని బ్లూలర్ గమనించారు. క్రెపెలిన్ అంత నిరాశ ఆయనకి లేదు. ఇక్కడొక మాట. "అపరిచితుడు" సినిమాలోలాగ ఒక మనిషి ఇద్దరు ముగ్గురు మనుషులుగా మారిపోవడం స్కిజోఫ్రేనియా కాదు. ఈ పొరపాటు పేపర్లలో కూడా చూస్తుంటాను.

చెప్పినంత సుళువుగా ఉండదు ఈ తేడా. ఉత్సాహం హద్దు దాటిన మనిషికీ దేవుడి మాటలు వినబడతాయి, అనుమానాలు వస్తాయి. ఆ నాలుగు రోజులు మాత్రమే చూసిన డాక్టరుకు రెండూ ఒకలాగే ఉంటాయి.

హాలియాలో నాకు బాగా తెలిసిన ఒక కుటుంబం సంగతి చెబుతాను, పేర్లు వద్దు. ఆ ఇంటి కోడలికి స్కిజోఫ్రేనియా అని ఎక్కడో కాగితం మీద రాసిచ్చారు. ఆ కాగితం పట్టుకుని ఆరేళ్ళు ఒకటే మందు. మనిషి బిర్రబిగిసిపోయి, చెయ్యి వణుకుతూ, నడిస్తే బొమ్మలాగ నడిచేది. ఏటా ఒకసారి జబ్బు మళ్ళీ తిరగబెట్టేది. ఇంకో డాక్టరుగారి దగ్గరికి అత్తగారే వెంటపెట్టుకుని వెళ్ళింది. ఆయన రోగిని వదిలి ముందు అత్తగారిని అడిగారట, "అమ్మా, మధ్యలో ఎట్లా ఉంటుంది?" అని.

"నడుమల మంచిగనే ఉంటది సారూ. వడ్లు ఎత్తుతది, పిల్లలను బడికి తోలుతది, నాకంటె మంచిగ లెక్క చెప్తది. ఎండలు ముదిరినంక ఒక నెల నిద్ర ఉండదు. పాటలు పాడుతది, ఊరంత నాదే అంటది. గొలుసు అమ్మి వాడంత ఆడోళ్ళకు చీరలు తెచ్చింది ఓమాటు. అటెన్క పండుకుంటే లేవదు."

"ఇంతకుముందు ఈ మాట ఎవరితోనూ చెప్పలేదా అమ్మా?"

"ఎవలడిగిన్రు సారూ?"

ఆ అత్తగారు ఒక్కరోజు కూడా బడికి పోలేదు. ఆమె చెప్పిన నాలుగు మాటల్లో క్రెపెలిన్ కార్డంతా ఉంది. మందు మారింది. ఆమె ఇప్పుడు లిథియం వాడుతున్నది, మూడు నాలుగు నెలలకొకసారి రక్తం పరీక్షకు మిర్యాలగూడ పోయి వస్తుంది.

ఈ లిథియం అనేది ఒక రకం ఉప్పు. 1949లో ఆస్ట్రేలియాలో కేడ్ అనే డాక్టరు దీన్ని పదిమంది ఉన్మాద రోగులకు ఇస్తే వాళ్ళు శాంతించారు. స్కిజోఫ్రేనియా ఉన్నవాళ్ళకి ఇస్తే, కలవరం కాస్త తగ్గడం తప్ప జబ్బు జబ్బులాగే ఉంది. అంటే తాళంచెవులు వేరు, తాళాలు వేరు. స్కిజోఫ్రేనియాకి పనికివచ్చే మొదటి మంచి మందు క్లోర్‌ప్రొమజీన్ 1952లో పారిస్‌లో వచ్చింది. కుంగుబాటు మందు 1957లో. అప్పటిదాకా పేరు ఏదయినా వైద్యం ఒక్కటే గనక, పేరు తప్పయినా పెద్ద తేడా పడేది కాదు. ఇప్పుడు పడుతుంది. బైపోలార్ మనిషికి దిగులు రోజుల్లో ఒక్క కుంగుబాటు మందే ఇస్తే అటునుంచి ఉన్మాదంలోకి తన్నుకుపోవచ్చు. లిథియం కూడా మోతాదు మించితే విషమే, అందుకే ఆ రక్తపరీక్ష. గర్భం కావాలనుకునే వాళ్ళు ఈ మందుల సంగతి ముందుగానే డాక్టరుతో మాట్లాడాలి, తమంత తాము ఆపెయ్యకూడదు.

డాక్టర్లలోనే ఎంత తేడా ఉండేదో 1972లో అచ్చయిన ఒక పరిశీలనలో బయటపడింది. న్యూయార్కు ఆస్పత్రుల్లో స్కిజోఫ్రేనియా రోగులు ఎంతోమంది, లండన్‌లో చాలా తక్కువ. రెండుచోట్లా ఒకే పద్ధతిలో ప్రశ్నలడిగి చూస్తే, రోగుల్లో అంత తేడా లేదు! న్యూయార్కు డాక్టర్లు స్కిజోఫ్రేనియా అన్న మాటని మరీ విశాలంగా వాడేస్తున్నారు. అమెరికాలో లిథియానికి 1970 దాకా ప్రభుత్వం అనుమతి లేదు, విడదీయాల్సిన తొందర వాళ్ళకి లేకపోయింది. ఈ సిగ్గుతోనే 1980లో వాళ్ళు ఎన్నాళ్ళనుంచి, ఏ ఏ లక్షణాలు అని గట్టి నియమాలు రాసుకున్నారు. అదే కాలంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ తొమ్మిది దేశాల్లో స్కిజోఫ్రేనియా రోగుల్ని చూసింది. మన దేశంనుంచి ఆగ్రా. కొన్నేళ్ళు గడిచాక చూస్తే ఆగ్రా రోగుల్లో బాగుపడినవాళ్ళు ధనిక దేశాలకంటే ఎక్కువ కనబడ్డారు. ఉమ్మడి కుటుంబం వల్లనని కొందరన్నారు, ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు.

క్రెపెలిన్ గారే చివరి రోజుల్లో, 1920లో, తాను గీసిన గీత అన్నిచోట్లా నిలవడం లేదని రాసుకున్నారు. రెండింటి లక్షణాలూ కలిసినవాళ్ళకి 1933లో కాసానిన్ వేరే పేరు పెట్టారు. ఈ రెండు జబ్బులకీ వంశపారంపర్య మూలాలు కొంతవరకు ఒకటేనని 2009లో వచ్చిన పరిశోధనలు చూపించాయి. రక్తం తీసి "ఇది ఫలానా పిచ్చి" అని చెప్పే పరీక్ష ఇప్పటికీ లేదు. తీసే రక్తం వేరే జబ్బు కాదని తేల్చుకోవడానికి. థైరాయిడ్ తగ్గితే మనిషి మందకొడిగా, దిగులుగా అవడమే కాదు, ఒక్కోసారి మతి కూడా తప్పుతుందని 1949లో ఆషర్ అనే ఆంగ్ల డాక్టరు రోగుల వివరాలతో రాశారు. మనలో థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళు ఎంతమందో మీకు తెలుసు.

పురుటి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. వెయ్యి కాన్పుల్లో ఒకరికో ఇద్దరికో, కన్న రెండు వారాల లోపల హఠాత్తుగా నిద్ర పోయి, మాట తడబడి, బిడ్డ తనది కాదనడం, బిడ్డలో దేవుడో రాక్షసుడో ఉన్నాడనడం జరుగుతుంది. దీనికి బైపోలార్‌తో దగ్గరి చుట్టరికం. వెంటనే ఆస్పత్రికి పోతే చాలామంది పూర్తిగా కోలుకుంటారు. ఆలస్యమయితే తల్లికీ బిడ్డకీ ప్రాణాపాయం. అయితే అదే రోజుల్లో తీవ్రమైన తలనొప్పి, వాంతులు, ఫిట్సు, ఒక చెయ్యో కాలో పడిపోవడం ఉంటే అది వేరు. మెదడు సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. మన దేశంలో బాలింతల్లో ఇది ఎక్కువగా కనబడింది. బాలింతకి నీళ్ళు తాగనివ్వకుండా పథ్యం పెట్టడం కూడా ఒక కారణమని డాక్టర్లు అన్నారు. "గాలి సోకింది, తలుపులు వెయ్యండి" అని కూర్చుంటే రెండూ చెయ్యిదాటిపోతాయి. ఎవరిని అడగాలో తోచకపోతే 14416కి ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. ప్రభుత్వం 2022లో పెట్టిన ఉచిత నంబరది.

ఇక పేరు వల్ల కాపురం పోయే సంగతి. హిందూ వివాహ చట్టం 1955లో వచ్చింది. 1976లో దాన్ని సవరించినప్పుడు, విడాకులకు కారణమయ్యే మానసిక రుగ్మత అంటే ఏమిటో వివరిస్తూ ఒకే ఒక్క జబ్బుని పేరుపెట్టి చేర్చారు, స్కిజోఫ్రేనియాని. మూర్ఛ కూడా పెళ్ళి చట్టంలో అడ్డంకిగా ఉండేది, దాన్ని 1999లో తీసేశారు. స్కిజోఫ్రేనియా అన్న మాట మాత్రం అలాగే ఉంది. అందుకని కోర్టుకి వెళ్ళే మగవాడి చేతిలో డాక్టరు చీటీ మీది ఆ ఒక్క మాట ఎంత బరువో ఊహించండి. 1988లోనే సుప్రీంకోర్టు, జబ్బు పేరు ఉన్నంతమాత్రాన చాలదు, అది ఏ మేరకు ఉన్నది, కలిసి బతకలేనంతగా ఉన్నదా అన్నది చూడాలని చెప్పింది. 2017 మానసిక ఆరోగ్య చట్టం ఇంకా ముందుకు పోయి, జబ్బు నిర్ధారణ ప్రపంచమంతా ఒప్పుకున్న వైద్య ప్రమాణాల ప్రకారమే జరగాలని, జబ్బు ఉన్నదన్నంతనే ఆ మనిషికి బుద్ధి స్వాధీనంలో లేదని అనుకోరాదని, గొలుసులు వెయ్యకూడదని రాసింది. తమిళనాడు ఏర్వాడిలో 2001 ఆగస్టులో గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది పాక నిప్పంటుకుని కాలిపోయిన తర్వాత, ఆ ముక్క చట్టంలోకి ఎక్కడానికి పదహారేళ్ళు పట్టింది.

భార్యాభర్తలిద్దరూ డాక్టర్లే అయిన ఒక తెలుగు దంపతుల కేసు 2013లో సుప్రీంకోర్టుకు వచ్చింది. భార్యకి స్కిజోఫ్రేనియా అని భర్త విడాకులడిగాడు. కింది కోర్టు ఇచ్చింది, హైకోర్టు కొట్టేసింది. మన హైదరాబాదు మానసిక వైద్యశాల డాక్టర్ల బృందం ఆమెని పరీక్షించి, జబ్బు ఆ తరహాదే అయినా ఇప్పుడు తీవ్ర లక్షణాలు లేవు, మందులతో అదుపులో ఉంది అని రాసింది. సక్రమంగా మందు వాడుతూ ఇంటివాళ్ళ ఆదరణ ఉంటే కాపురం చేసుకోవచ్చునని కూడా చెప్పింది. ఆమె ఆ జబ్బుతోనే పైచదువు పూర్తి చేసి, ప్రభుత్వ వైద్యాధికారిణిగా పనిచేస్తున్నదని జడ్జీలు ఎత్తిచూపారు. భర్త అప్పీలును సెప్టెంబరు 17న కొట్టేశారు.